చిలకపచ్చ దుప్పటి

నేను బడిలో సైన్సు చెబుతాను. దయ్యాలు, శకునాలు అంటే నవ్వేసే మనిషిని. ఇది దయ్యం సంగతి కూడా కాదు. మా బాపుకీ, అంటే మా నాన్నకీ, నేను తీసిన ఒక ఫోటోకీ సంబంధించింది.

బాపు గాజుల దుకాణాలుండే లాడ్ బజార్ వెనక గల్లీలో ఒక స్టూడియోలో పనిచేసేవాడు. నలుపు తెలుపు ఫోటోలకు సన్నటి బ్రష్షుతో రంగులు వేయడం ఆయన పని. పెళ్లికూతురి ఫోటో వస్తే, గాజుల రంగు సరిగ్గా కలవాలని అదే రంగు గాజు ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టుకునేవాడు. అలా మా ఇంట్లో జత లేని గాజులు ఒక డబ్బా నిండా ఉండేవి. వాటితో ఆడుకుంటూనే నేను రంగుల పేర్లు నేర్చుకున్నాను.

మూడేళ్ల కింద షుగర్ వల్ల ఆయన చూపు పూర్తిగా పోయింది. అప్పటినుంచి ఆస్పత్రికి తప్ప సంతోష్‌నగర్‌లోని మా ఇల్లు దాటలేదు. రంగుల మాట ఎత్తితే ముఖం తిప్పుకునేవాడు.

నిరుడు నేను ఒక డిజిటల్ కెమెరా కొన్నాను. సెలవు రోజుల్లో పొద్దున్నే చాంద్రాయణగుట్ట అవతల ఒక బండల గుట్ట ఎక్కి పాతబస్తీని ఫోటోలు తీసేదాన్ని. అన్నీ అలుక్కుపోయినట్టు వచ్చేవి. నీడలున్న చోటల్లా ఇసుక చల్లినట్టు గరుకు. ఒక రోజు ఇంట్లో విసుక్కుంటుంటే బాపు విన్నాడు.

"చేతిల పట్టుకొని తీస్తున్నవా? స్టాండు లేదా? వెలుగు తక్కువుందని ఫిల్ము స్పీడు పెంచితే గ్రెయిన్స్ రాక ఏమొస్తయి?" అన్నాడు. గోడ పట్టుకుని లేచి, "నన్ను గూడ తీస్కపో" అన్నాడు.

నా చెవులను నేనే నమ్మలేదు.

ఆ ఆదివారం ఆటోలో వెళ్లాం. చేయి పట్టుకుని మెల్లగా గుట్ట ఎక్కించాను. కొత్తగా కొన్న ట్రైపాడ్ స్టాండు నిలబెట్టి, గాలికి కదలకుండా దానికి నా సంచి వేలాడదీశాను. బాపు చెప్పిన ఆ స్పీడును, అంటే ఐఎస్ఓను, వందకు దించాను. వేలు తగిలి కెమెరా వణకకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాను. అప్పుడే పొద్దు పొడుస్తోంది. బాపు పక్కనే బండ మీద కూర్చున్నాడు.

"బిడ్డా, ఎడమ దిక్కు రెండు నల్ల ట్యాంకులున్నయి గదా. వాటి నడుమ చిలకపచ్చ దుప్పటి ఆరేసిన్రు. దాన్ని ఫోటోల రానియ్యి, మస్తుంటది."

నేను కళ్లు చికిలించి చూశాను. అంత దూరంలో, ఆ మసక వెలుగులో డాబాలన్నీ ఒకటే బూడిద రంగు. ట్యాంకులే కనిపించలేదు. ఏదో పాత జ్ఞాపకం కాబోలనుకున్నాను. మనసు చివుక్కుమంది. "సరే బాపు" అని, వెలుగు మారినప్పుడల్లా ఒకటి చొప్పున మూడు ఫోటోలు తీశాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెట్టాను. మొదటిసారి నా ఫోటోలు కడిగిన అద్దంలా ఉన్నాయి. ఎడమ వైపు పెద్దది చేసి చూశాను. రెండు నల్ల ట్యాంకులు. నడుమ తాడు. మొదటి ఫోటోలో ఆ తాడు ఖాళీ. రెండోదాంట్లోనూ ఖాళీ. మూడోదాంట్లో చిలకపచ్చ దుప్పటి ఉంది. దాని కొస ఇంకా ఒకామె చేతిలోనే ఉంది.

కెమెరా గడియారం ప్రకారం మొదటి ఫోటోకీ మూడోదానికీ పదకొండు నిమిషాల తేడా. బాపు ఆ మాట అన్నది మొదటి ఫోటో తీయకముందే.

ఆ గుట్ట ఆయన అంతకుముందెప్పుడూ ఎక్కలేదు. మా దగ్గర మూడో మనిషి లేడు. చూపు పోయినవాళ్లకు ఒక్కోసారి మెదడే బొమ్మలు చూపిస్తుందని డాక్టర్ చెప్పాడు. ఒప్పుకుంటాను. ఇంకా ఆరేయని దుప్పటిని ఎలా చూపించింది?

బాపుకి చెబితే ఆశ్చర్యపోలేదు. "కనబడ్డది, చెప్పిన. గందుల ఏముంది?" అన్నాడు.

ఆ తర్వాత చాలాసార్లు వెళ్లాం. మళ్లీ అలాంటిదేమీ జరగలేదు.

మొన్న ఆదివారం గుట్ట మీద అడిగాను. "ఏమన్న కనబడుతున్నదా బాపు?"

"లేదు బిడ్డా. నువ్వే చెప్పు."

"ఆకాశం గులాబీ రంగుల ఉంది."

"ఏ గులాబీ?" అన్నాడు వెంటనే, నా వైపు తిరిగి. "లేతదా, రాణి రంగా?"

కెమెరా వదిలేసి, తలెత్తి మళ్లీ చూశాను.