మానెడు తవుడు

ఆ రోజుల్లో, అంటే అరవైల మొదట్లో, నాకు తెలియని సంగతంటూ లోకంలో ఉండేది కాదు. తెలియనివన్నీ ఆ తరువాతే పోగయ్యాయి. నెల్లూరులో ఒక మోటారు షెడ్డులో రెండేళ్లు పానాలు అందించి, మూడో ఏడు నన్ను నేనే మెకానిక్కుగా నియమించుకున్నాను (మేస్త్రికి ఈ సంగతి తెలియదు). అప్పుడే అక్క పెళ్లి కుదిరింది. పెళ్లి వాకాడు దగ్గర, బావవాళ్ల ఊరి చర్చిలో. పదకొండింటికల్లా చేరకపోతే పాస్టరుగారు వేరే ఊరికి వెళ్లిపోతారు, మళ్లీ ఆ వైపు వచ్చేది నెల తరువాతే. మేస్త్రి దయతలచి షెడ్డులోని పాత కారు ఇచ్చాడు. దాని రేడియేటరు సన్నగా కారుతోంది. అందుకు మా షెడ్డు వైద్యం ఒకటుంది: చారెడు తవుడు వేస్తే అది ఉబ్బి చిల్లిని మూస్తుంది. అక్క పెళ్లికి చారెడేమిటి, పీనాసిగా, అనుకుని మా బర్రె కోసం ఉంచిన దాంట్లోంచి మానెడు పోశాను.

అక్కనూ నాయననూ ఎక్కించుకుని పొద్దున్నే బయల్దేరితే, కోట ఊరు దాటగానే బానెట్టు కింద నుంచి ఆవిరి బుస్సుమంది. బండి ఆపి, తడి గోనె వేసి రేడియేటరు మూత తిప్పాను. లోపల బుడగలు కుతకుతలాడుతున్నాయి.

"బుడగలొస్తున్నాయంటే ఇంజను హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే నాయనా. హెడ్డు విప్పాల్సిందే," అన్నాను.

"ఎంతసేపు పడతాదిరా?"

"సాయంత్రానికి అయిపోతాది," అన్నాను ధీమాగా. నాయన రోడ్డు పక్కన కూలబడ్డాడు.

నేను మొదటి బోల్టు మీద పానా పెట్టేసరికి అక్క తెల్లపట్టు చీరతో దిగివచ్చి ముక్కు ఎగబీల్చింది.

"ఏందబ్బయా, కుడితి కాగిన వాసనొస్తాంది?"

"అది గ్యాస్కెట్ వాసనక్కా, నీకు తెలీదు."

"పదేళ్లుగా బర్రెకు కుడితి కాచేది నేను. నాకు తెలీకపోవడమేంది? ఇందులో తవుడెంత పోసినావు?"

(అబద్ధానికి నోరు తెరిచాను గాని, ఆమె ముఖం చూసి మానుకున్నాను.) "మానెడు."

"మన బర్రె కూడా అంత తాగదు. ఆ పానా కింద పెట్టు."

ఇంజను చల్లారాక రేడియేటరు కింది గొట్టం ఊడదీస్తే చిక్కటి జావ జారింది. అక్క కుచ్చిళ్లు ఎగదోపుకుని, పెళ్లిసామాన్లోని ఇత్తడి బిందెతో కాలవనీళ్లు అందించింది. తేటనీళ్లు వచ్చేదాకా పోసి గొట్టం బిగించాను. కారుతున్న చిల్లి మాత్రం నిజంగానే మూసుకుపోయింది (లోపం వైద్యంలో లేదు, మోతాదులోనే).

మేం చేరేసరికి పాస్టరుగారు సైకిలెక్కబోతూ మమ్మల్ని చూసి ఆగారు. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్క చీర అంచున బురద చూసి, "ఏమైంది?" అన్నాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"బండి చెడిపోయినాది. మా తమ్ముడు దారిలోనే బాగుచేసినాడు. ఇంజన్ల సంగతి వాడికి తెలిసినట్టు ఎవురికీ తెలీదు," అంది అక్క, నా వైపు చూడనైనా చూడకుండా. బావ నా భుజం తట్టాడు.

పెళ్లిపాటలు పాడుతుంటే నాకు ఏడుపొచ్చింది. అక్క వెళ్లిపోతోందని ఏడుస్తున్నాడనుకున్నారు అందరూ, అదీ నిజమే. ఇప్పటికీ ఆ ఊళ్లో ఏ బండి ఆగినా బావ "మా బామ్మర్దిని పిలిపించండి" అంటాడు. నేను వెళ్తాను, బాగుచేసే వస్తాను. అక్క ఆ రోజు చెప్పిన అబద్ధాన్ని నిజం చెయ్యడానికి నాకు పదేళ్లు పట్టింది.