తడి దొరికిందా?

కోహీర్ నుంచి వచ్చే ఆ పెద్దమ్మ తనకు నయమవుతుందా అని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. జహీరాబాద్ దవాఖానలో రొమ్ము క్యాన్సర్ పరిశోధన కోసం నమూనాలు సేకరించే పని నాది. మొదటిరోజు ఆమె గడ్డలోంచి చిన్న ముక్క అడుగుతూ చెప్పాను.

"మేం చూసే జీన్ ఒకటి అందరి ఒంట్ల ఉంటది పెద్దమ్మా. నీ గడ్డల అది మస్తు ఎక్కువ పనిచేస్తున్నదని ముందటి పరీక్షల తేలింది."

ఆమె ఊళ్లో విత్తనాలు దాచే మనిషి. వింటున్నంతసేపూ చేతిలో లేని గింజను నలుపుతున్నట్టు వేళ్లు రాసుకుంటూ కూర్చుంది.

"గంపల విత్తనం గూడ గట్లనే బిడ్డా. బూడిద కలిపి, మూతికి పేడ మెత్తితే ఏడాదంత నిద్రపోతది. తడి తగిలితెనే లేస్తది. మరి నాకు తడి ఏడికెళ్లి తగిలింది?"

"గదే ఎతుకుతున్నం పెద్దమ్మా."

"అయితే తీసుకపో," అని కాగితం మీద వేలిముద్ర వేసింది.

అప్పటినుంచి పరీక్షకు వచ్చినప్పుడల్లా గుమ్మం దగ్గరే ఆగి అడిగేది, "తడి దొరికిందా?" ఇంకా లేదంటే నవ్వి లోపలికి పోయేది.

పోయిన నెల వచ్చినప్పుడు ఆ మాట అడగలేదు. నవ్వలేదు. చేతిలో కొత్త ఫైలు ఉంది. దాని మీద పేరు, వెనక నిలబడ్డ ఆమె కూతురిది.

"జర జల్దీ ఎతుకు బిడ్డా," అన్నది.