పెద్దమ్మ విప్పిన కార్బొరేటర్

మా చిన్నప్పటి చోడవరంలో కారు చప్పుడు వినబడితే చాలు, పిల్లలంతా వీధిలోకి పరిగెత్తేవాళ్ళు... నేను మాత్రం గుమ్మంలోనే దర్జాగా నిలబడేదాన్ని. ఆ కారు మా పెద్దనాన్నదే మరి!

మాది కె.కోటపాడు దగ్గర పల్లె. చదువు కోసం నన్ను చోడవరంలో మా మరియమ్మ పెద్దమ్మ ఇంట్లో ఉంచారు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. పెద్దనాన్న దేవదానం తన పాత నల్ల కారులో జనాన్ని అనకాపల్లికి తిప్పేవాడు. ముందు భాగంలో ఇనుప హ్యాండిల్ పెట్టి గట్టిగా తిప్పితేనే ఇంజను లేచేది...

ఒకరోజు ఆ హ్యాండిల్ వెనక్కి తన్ని పెద్దనాన్న కుడి మణికట్టు విరిగింది. వెదురు బద్దలతో కట్టు కట్టారు. మూడు వారాలు కారు పాకలోనే ఉండిపోయింది.

అలాంటప్పుడు, ఒక శనివారం పొద్దున్న... చీడికాడ వైపు నుంచి ఎడ్లబండి ఒకటి వచ్చి మా ఇంటి ముందు ఆగింది. బండిలో గడ్డి మీద ఒక నిండు గర్భిణి. పక్కన ఆమె మొగుడు సన్యాసి. ఒళ్ళంతా చెమట.

“బాబూ, బిడ్డ అడ్డం తిరిగిపోయిందంట. బేగి అనకాపల్లి ఆసుపత్రికి అట్టుకెళ్ళిపొమ్మన్నారు. బస్సు ఎలిపోయింది. మీ కారే దిక్కు” అన్నాడు.

పెద్దనాన్న తన కట్టు వైపు చూసుకున్నాడు. “ముందు లేస్తాదో లేదో సూద్దాం” అని, హ్యాండిల్ సన్యాసి చేతికిచ్చాడు. “బొటనేలు సుట్టకు. మిగతా ఏళ్ళ పక్కనే పెట్టు. కింద నించి పైకి లాగు.”

కారు లేచింది... నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్ళీ తిప్పితే మళ్ళీ అంతే.

“మూడు వారాలు నిలబడిపోయింది కదా... పెట్రోలు ఎండిపోయి జిగురు కట్టేసుంటాది. కార్బొరేటర్ ఇప్పాల” అన్నాడు పెద్దనాన్న. కానీ విప్పేదెవరు? ఊళ్ళో ఉన్న ఒక్క కార్ల మేస్త్రీ ఆరోజు ఎక్కడికో వెళ్ళాడు.

అంతవరకూ ఆ అమ్మాయికి నీళ్ళు తాగిస్తున్న పెద్దమ్మ, చెంబు పక్కన పెట్టి కొంగు బిగించింది. “ఎక్కడ ఇప్పాలో మీరు సెప్పండి. నేను ఇప్పుతాను.”

“నువ్వా? ఎప్పుడైనా ముట్టుకున్నావేటి?”

“పన్నెండేళ్ళు మీకు మరలిప్పే పానాలు అందించేను. సూడకుండానే అందించేనేటి?”

పెద్దనాన్న పీట వేసుకుని పక్కన కూర్చున్నాడు.

పెట్రోలుతో పని కదా అని, ముందు వంటింట్లో పొయ్యి ఆర్పించింది పెద్దమ్మ. విప్పిన ప్రతి మరనీ విప్పిన వరసలోనే ఇత్తడి పళ్ళెంలో పేర్చింది. బండిలోంచి మూలుగు వినబడినప్పుడల్లా నేను అటు తిరిగి చూసేదాన్ని... పెద్దమ్మ చెయ్యి మాత్రం ఆగలేదు.

కార్బొరేటర్ బయటికొచ్చింది. దాని గొట్టం లోపల గుండ్రటి రేకు ఒకటి, చుట్టూ నల్లటి మడ్డి.

“అదే థ్రాటిల్. మనం కాలితో తొక్కితే అది తెరుసుకుంటాది. అంచులు అంటుకుపోయాయి, సూడు. బలవంతం సెయ్యకు, ఒంగిపోతాది” అన్నాడు పెద్దనాన్న.

పాతచీర పేలిక పెట్రోలులో ముంచి, పసిపిల్ల చెవి తుడిచినట్టు ఆ అంచులు తుడిచింది. చిటికెనవేలితో తోసి చూసింది. కదల్లేదు. మళ్ళీ తుడిచింది. మూడోసారికి ఆ రేకు మెల్లగా తెరుచుకుంది... మూసుకుంది!

తర్వాత జెట్టు. ఉలవగింజంత ఇత్తడి ముక్క, మధ్యలో ఇంజనుకి పెట్రోలు వెళ్ళే కన్నం. అదీ పూడుకుపోయింది. నేను పరిగెత్తి కుట్టుసూది తెచ్చాను.

“సూది వద్దే! కన్నం పెద్దదైపోతే మరి పనికిరాదు” అని పెద్దనాన్న అరిచాడు.

పెద్దమ్మ దాన్ని పెదవుల మధ్య పెట్టుకుని ఊదింది. రాలేదు. పెట్రోలు ఉమ్మేసి, ముడిలోంచి ఒక వెంట్రుక పీకి, దాన్ని పెట్రోలులో తడిపి ఆ కన్నంలోంచి ఓపిగ్గా దూర్చింది. మళ్ళీ ఊదింది. ఎండకేసి పట్టుకుంది.

“ఇలా సూడే, గుంటా.”

చూశాను. ఆ కన్నంలోంచి సూదిమొనంత వెలుగు... అంత పెద్ద కారూ, బండిలో ఉన్న ఆ తల్లీ, కడుపులో బిడ్డా, అనకాపల్లి దాకా ఉన్న దారీ... అన్నీ ఈ చుక్క మీదే ఆధారపడి ఉన్నాయా!

అన్నీ బిగించాక సన్యాసి హ్యాండిల్ తిప్పాడు. దగ్గింది... తడబడింది... నిలబడింది. పెద్దనాన్న కళ్ళు మూసుకుని విని, “ఆ స్క్రూ పావు తిప్పు” అన్నాడు. తిప్పింది. చప్పుడు నున్నగా అయింది.

“నేను ఎడమచేత్తో స్టీరింగు పడతాను. గేరు నువ్వెయ్యి” అన్నాడు. వెనక సీట్లో ఆ దంపతులు, ముందు వీళ్ళిద్దరూ. కారు మలుపు తిరిగేదాకా ఆయన గొంతు వినబడుతూనే ఉంది... “రెండు!... మూడు!”

సాయంత్రం తిరిగొచ్చారు. “తల్లీ పిల్లా ఇద్దరూ బాగున్నారే... ఆడగుంట” అని చెప్పి పెద్దమ్మ అరుగు మీద కూలబడింది. అప్పుడు చూశాను ఆ చేతులు, గోళ్ళ నిండా నల్లటి మడ్డి.

కట్టు విప్పాక కూడా పెద్దనాన్న కార్బొరేటర్ జోలికి పోలేదు. నెలకోసారి పెద్దమ్మే విప్పి కడిగేది.

మొన్న మా మనవరాలి కారు సర్వీసుకిస్తే ‘థ్రాటిల్ బాడీ క్లీనింగ్’ అని కాగితం మీద రాసిచ్చారు. మేము అద్దాల గదిలో సోఫాలో కూర్చుని టీ తాగాం. పనిలో వంక పెట్టడానికేం లేదు, కారు హాయిగా నడుస్తోంది. కానీ ఆ బానెట్ కింద ఏముందో మా ఇద్దరిలో ఒక్కరమూ చూడలేదు... ఇప్పుడు మన వస్తువులు మనకు తెలియకుండానే పాడవుతున్నాయి, మనకు తెలియకుండానే బాగవుతున్నాయి.

మీ ఇంట్లో ఆగిపోయినదాన్ని విప్పి, కడిగి, మళ్ళీ కదిలించిన చేతులు ఎవరివి? వాళ్ళ గురించి నాలుగు ముక్కలు ఇక్కడ రాయండి... చదవాలని ఉంది.