మేడమ్ దాచిపెట్టిన తన్ను

పచ్చి అల్లం వాసన తగిలితే అందరికీ చాయ్ గుర్తొస్తుంది, నాకు నడుము గుర్తొస్తుంది. ఈ సాయంత్రం జహీరాబాద్ గ్రౌండులో పిల్లలకు బౌలింగ్ నేర్పుతుంటే, పక్కనుంచి అల్లం లోడు లారీ పోయింది. అంతే, శకుంతల మేడమ్ కళ్లముందు నిలబడ్డారు.

ఆమె మా బడిలో ఆటల టీచరు. ఎదురుకాళ్లతో పుట్టారు. అలా పుట్టినవాళ్లు తంతే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. ఆదివారం వస్తే చెరకు నరికేవాళ్లు, లారీ డ్రైవర్లు నడుములు పట్టుకుని ఆమె వాకిట్లో నిలబడేవారు. మేడమ్ నవ్వుతూ అందరినీ మెల్లగా తన్ని, పైగా చాయ్ కూడా పోసేవారు.

తొమ్మిదో తరగతిలో నేను ఫాస్ట్ బౌలర్‌ని. పొద్దున బడిలో, సాయంత్రం గల్లీలో, బంతి ఎప్పుడూ నా చేతిలోనే. జిల్లా సెలక్షన్ల ముందు నడుము ఎడమ పక్కన ఒకటే పోటు. నానమ్మ అల్లం నూరి పట్టు వేసింది. మంట పుట్టింది కానీ నొప్పి పోలేదు. చివరికి నన్ను మేడమ్ దగ్గరికి లాక్కెళ్లింది.

“జర గట్టిగ తన్నున్రి మేడమ్. పోరి సెలక్షన్లకు పోవాలె.”

మేడమ్ కాలెత్తలేదు. “ఎడమకాలు మీద నిలబడి ఎనుకకు వంగు బిడ్డా,” అన్నారు. వంగీ వంగకముందే అమ్మో అని అరిచాను. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

“నేను తన్నను అవ్వా. ఇది ఉత్త నడుము పట్టు కాదు. దవాఖానకు నడువున్రి.”

“ఊరందరిని తన్నిన్రు, నా మనవరాలేం పాపం చేసింది?” నానమ్మకు ఒళ్లు మండింది.

స్కానింగులో వెన్నుపూసకు సన్నని పగులు కనిపించింది. ఎదిగే ఎముక ఆగకుండా పడ్డ బరువుకు అలసిపోయిందట. ఇప్పుడు ఆపితే అతుక్కుంటుంది, లేకపోతే బౌలింగే ఉండదు అన్నాడు డాక్టరు. ఆటోలో నేను ఏడ్చిన ఏడుపు చిరాగ్‌పల్లి దాకా వినిపించి ఉంటుంది.

“సెలక్షన్లు అయినంక ఆపుత మేడమ్!”

“ఎముకకు సెలక్షన్ల ముచ్చట తెల్వదు బిడ్డా.”

మర్నాడు బడిలో మేడమ్ నా తలమీద అంపైర్ టోపీ పెట్టి, బంతిని తన హ్యాండుబ్యాగులో వేసి జిప్పు లాగేశారు. నెలల తరబడి ఆ జిప్పును చూసి పళ్లు నూరాను. బ్యాటర్ల కాళ్ల కదలిక పసిగట్టడం మాత్రం ఆ టోపీ కిందే అబ్బింది.

డాక్టరు సరేనన్నాక కోహీర్ జట్టుతో ఆడాం. నా మొదటి ఓవర్లోనే వికెట్టు ఎగిరింది. నడుము కిక్కురుమనలేదు! మేడమ్ పరుగెత్తుకొచ్చి, అందరి ముందూ నన్ను వెనకనుంచి మెల్లగా ఒక్కటి తన్నారు.

“ఇగో అవ్వా, తన్నిన! ఇప్పుడు ఖుషేనా?”

నానమ్మ చప్పట్లు కొడుతూనే కళ్లు తుడుచుకుంది. సెలక్షన్ల ముందు ఆ రోజు మేడమ్ నానమ్మ మాట విని తన్ని ఉంటే నాకీ ఆటే లేదు.

లారీ ఎప్పుడో వెళ్లిపోయింది, గ్రౌండులో అల్లం వాసన మిగిలింది. మా జట్టులో వేగంగా వేసే పిల్ల నడుము పట్టుకుని నిలబడి ఉంది. “ఏం లేదక్కా, జర పట్టేసింది. ఇంకో ఓవర్ ఏస్త.”

బంతి తీసుకుని నా హ్యాండుబ్యాగులో వేసి జిప్పు లాగాను. పిల్ల ముఖం మాడిపోయింది.

“మళ్ల ఎప్పుడిస్తవక్కా?”

“ముందు దవాఖానకు పోదాం. నయమైనంక బంతి ఇస్త, దాంతోపాటు ఒక తన్ను గూడ.”