మోకు కట్టిన రాయి

గుడియాత్తం పక్కన మా నేతవీధి చివర ఒక రాయి ఉంది. నడుమెత్తు ఉంటుంది, ముందువైపు పాత తెలుగు అక్షరాలు. మా వీధిలో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు, చదవగలిగిన ఇల్లూ లేదు. మేం బళ్లో నేర్చింది తమిళం. నాయన మాత్రం, "మనోళ్లు యాడినుంచి వచ్చినారో, ఈ నేల ఎవురిచ్చినారో, అంతా దాంట్లో ఉండాది నాయనా" అనేవాడు.

బళ్లో పిల్లలు నన్ను 'వందేరి' అనేవాళ్లు, ఎక్కణ్ణుంచో వచ్చి పడ్డవాడని. ఏడుస్తూ ఇంటికొస్తే నాయన ఆ రాయినే చూపించేవాడు. ఎప్పటికైనా దాన్ని చదివించి అందరి నోళ్లూ మూయించాలని నాకు పంతం. ఆ పంతంతోనే తల నెరిసింది.

మొన్నామధ్య వేలూరు నుంచి శాసనాలు చదివే ఒకావిణ్ణి బతిమాలి తీసుకొచ్చాను. ఆమె రాయి కడిగి, తడి కాగితం అతికించి, బ్రష్‌తో కొట్టి, సిరా అద్దింది. మగ్గాలు ఆపి వీధంతా వచ్చి నిలబడింది. కాగితం మీద పైన రెండు వరుసలు, అడుగున మూడు వరుసలు తెల్లగా తేలాయి. నడుమంతా ఒట్టి నలుపు.

"పైన దేవుడి స్తుతి. అడుగున ఈ దానాన్ని చెరిపినవాళ్లకు శాపం. ఎవరు, ఎవరికి, ఎప్పుడిచ్చారన్నది మధ్యలో ఉండాలి. ఎవరు దీన్ని ఇంతగా అరగదీశారు?" అందామె.

ఎవరేమిటి, మేమే! పొద్దున్నే పడుగు నూలును వీధి పొడుగునా సాగదీసి గంజి పెడతాం. ఆ చివర మోకు కట్టేది ఈ రాయికే. తాత కట్టాడు, నాయన కట్టాడు, నేనూ కట్టాను. మోకు జారకుండా తడి ఇసుక పూసి బిగించమని నాకు నేర్పింది నాయనే. సిగ్గుతో చచ్చిపోయాను. ఆయన మీద కోపం కూడా వచ్చింది, పోయినవాడి మీద కోపమేమిటని తిట్టుకున్నాను.

ఈ వయసులోనూ నేత మానని మా అక్క నా పక్కకొచ్చి, "ఏమని ఉండాదప్పా?" అంది.

"తెలీదక్కా. ఇంక ఎప్పటికీ తెలీదు."

మర్నాడు పొద్దున పక్కింటి తమ్ముడు పడుగు తెచ్చి రాయి దగ్గర ఆగిపోయాడు. "అన్నా, కట్టొచ్చునా?"

"కట్టురా. ఇంకేముండాది దాంట్లో, పోయేదానికి?"

వాడు మోకు కట్టాడు. ఎండెక్కేలోపు గంజి పెట్టాలని నేనూ ఒక చెయ్యి వేసి లాగాను.