టెరెస్కెన్ పీకడం నేర్పిన టీచరమ్మ

మేమంతా ఎజే, అంటే అక్కా, అని పిలిచే ఉల్‌కాన్ టీచరమ్మ దగ్గర చదువుకున్నవాళ్లలో ఎక్కాలు మర్చిపోయినవాళ్లున్నారు, రష్యన్ అక్షరాలు మర్చిపోయినవాళ్లున్నారు. కప్ప గుండెలో గదులెన్ని అని అడిగితే, అసలు ఈ కొండల ఎత్తులో కప్పని చూసిన మొనగాడెవడని ఎదురు అడిగేవాళ్లూ ఉన్నారు. కానీ టెరెస్కెన్ పొదని నేలలోంచి ఎలా పెకలించాలో మర్చిపోయినవాడు మా అక్‌తాలా ఊళ్లో ఒక్కడూ లేడు. ఆ పాఠం అంత బాగా చెప్పింది ఆవిడ. ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో ఆవిడ మనసుని తొలిచేసేది కూడా ఆ పాఠమే.

కింద ఓష్ పట్నంలో చదువు ముగించుకుని ఆవిడ ఊరికి తిరిగొచ్చిన ఏడాదే బొగ్గు లారీలు ఆగిపోయాయి. రష్యన్లతో కలిసున్న పాత దేశం పోయింది, కొత్త దేశం వచ్చింది, బొగ్గు మాత్రం రాలేదు. అక్టోబరు నెలాఖరుకే బడిలో సిరా గడ్డకట్టింది. చెట్టనేది మొలవని చోటు మాది. ఉన్నదల్లా మోకాటి ఎత్తుకి కూడా రాని టెరెస్కెన్ పొదలు. పైకి చూస్తే చీపురుకట్టంత ఉంటాయి కానీ, కింద వేరు చేతి మణికట్టంత లావు, బారెడు పొడవు. ఆ వేరు పొయ్యిలో పడితే గది వెచ్చబడుతుంది.

అప్పుడు ఇరవై మూడేళ్ల ఉల్‌కాన్ పిల్లలందర్నీ బడి ఎదుట మైదానంలోకి తీసుకెళ్లింది. గొర్రెల కాపరి కూతురు కాబట్టి పని తెలుసు. గాలి వచ్చే వైపు తవ్వాలి, పొద మొదట్లో మడమ ఆనించాలి, పలుగు దింపి ఒంటి బరువంతా వెనక్కి వాల్చాలి. "కొమ్మలు పేలాల్లాంటివిరా, నోట్లో వేసుకునేలోగా అయిపోతాయి. కడుపు నింపేది వేరు. వేరు సగంలో తెగిందా, మొక్కని వృథా చేసినట్టే" అని చెప్పింది. వృథా చేయకూడదనే చెప్పింది పాపం. పోటీ కూడా పెట్టింది. తెగకుండా అందరికన్నా పొడుగు వేరు తీసినవాడు మమత్‌కెరిమ్, పదకొండేళ్లవాడు. ఆ రోజు వాడిని భుజాన ఎక్కించుకుని బడిదాకా మోసింది.

పదేళ్లకి ఆ మైదానం బోడిగుండైంది. ఇరవై ఏళ్లకి కొండల మొదళ్ల వరకూ ఏమీ మిగల్లేదు. ఇప్పుడు గాలి లేస్తే టీ గిన్నెలో మీగడకన్నా ముందు దుమ్ము తేలుతుంది. చలికాలం మేత లేక యాక్‌లు చిక్కిపోయాయి, ఎందుకంటే అవి తినేది కూడా టెరెస్కెన్‌నే. ఒకనాడు ఉల్‌కాన్ పొయ్యిలో వేయబోయిన వేరుని అడ్డంగా కోసి, లోపలి వలయాలు లెక్కపెట్టింది. ఆ వేరు ఆవిడకన్నానే కాదు, ఊళ్లో ముసలాళ్లకన్నా పెద్దది. గడ్డిలాగా మళ్లీ మొలుస్తుందిలే అనుకున్నది తమ ఊళ్లో అందరికన్నా ముసలిది అని ఆ రోజు తెలిసింది.

అప్పట్నుంచి పాఠం మార్చింది. వలయాలు లెక్కపెట్టించింది, బడి వెనక కంచె వేసి గింజలు చల్లించింది. పిల్లలు బుద్ధిగా రాసుకునేవాళ్లు, ఇంటికెళ్లి టెరెస్కెన్ పొయ్యి పక్కన కూర్చుని బుద్ధిగా చదువుకునేవాళ్లు. అంతెందుకు, సోమవారం సోమవారం పిల్లలంతా తలా ఒక మోపు బడికి మోసుకురావాలనేది మా ఊరి ఆచారం. ఆ మోపు మండుతుంటే ఆ వేడిలోనే టెరెస్కెన్‌ని కాపాడాలని పాఠం. ఇందులో సిగ్గుపడాల్సింది పిల్లలు కాదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు.

పోయిన ఏడాది శరదృతువులో హెడ్మాస్టరు సత్తార్ ఆవిడ గదిలోకొచ్చి, చిన్నపిల్లల బల్ల మీద ఇరుక్కుని కూర్చున్నాడు. అతనూ ఆవిడ శిష్యుడే.

"ఎజే, ఈసారి మోపులతో అయ్యేట్టు లేదు. ఇళ్లల్లోనే లేదు, బడికేం తెస్తారు? మమత్‌కెరిమ్ లారీ ఇస్తానన్నాడు. శనివారం పెద్దపిల్లల్ని కొక్‌జర్ లోయకి తీసుకెళ్దాం."

"కొక్‌జర్‌కా? మనకి మిగిలింది అదొక్కటే కదయ్యా!"

"మిగిలింది కాబట్టే వెళ్లేది. లేనిచోటికి వెళ్లి ఏం పీకుతాం?"

"ఇప్పటి పిల్లలకి పీకడం రాదు."

"అందుకే మీ దగ్గరికొచ్చా. మాకందరికీ నేర్పింది మీరేగా."

"మళ్లీ నాచేతేనా?"

"వద్దంటే చెప్పండి. బడికి డిసెంబర్లో తాళం వేసి మార్చిలో తీస్తా. కిందటిసారి తాళం వేసినప్పుడు ఎంతమంది ఆడపిల్లలు తిరిగి రాలేదో మీరే చెప్పండి."

చెప్పక్కర్లేదు, ఆవిడకి గుర్తే. ఏడుగురు. అందులో ముగ్గురికి ఆ చలికాలంలోనే పెళ్లిళ్లు చేసేశారు. ఉల్‌కాన్ వస్తానంది. కానీ పిల్లలకి కబురు మాత్రం ఒకటే పంపింది, పలుగులు కాదు, గడ్డి కోసే కొడవళ్లు తెమ్మని. కొమ్మలు కోసి వేరు వదిలేస్తే అది మళ్లీ చిగురిస్తుందని ఆవిడ ఆశ. బడి వెనక కంచెలో రెండు పొదల మీద చేసి చూసింది, రెండూ బతికాయి. రెండు పొదలు చూసి లోయంతటికీ లెక్క కట్టడం ఏపాటి శాస్త్రమో ఆవిడకీ తెలియకపోలేదు.

శనివారం పొద్దున లోయలో లారీ దిగగానే మమత్‌కెరిమ్ నవ్వాడు. ఎత్తైన మనిషి, తెల్ల కల్పాక్ టోపీ ఎప్పుడూ పక్కకి వాల్చి పెడతాడు.

"ఏంటర్రా ఇవి? గొర్రెలకి ఉన్ని కత్తిరిస్తారా?" అన్నాడు పిల్లల చేతుల్లో కొడవళ్లు చూసి. వాళ్లలో అతని కూతురు నుర్‌జమాల్ కూడా ఉంది, పద్నాలుగేళ్ల పిల్ల. "ఇటు రండి, మగాళ్ల పని చూపిస్తా. నువ్వూ చూడు నుర్‌జమాల్, మీ తమ్ముళ్లకి నేర్పుదువుగాని."

గాలికి ఎదురుగా తవ్వాడు. మడమ ఆనించాడు. వెనక్కి వాలాడు. ఉల్‌కాన్ చూస్తూ నిలబడిపోయింది. ఆ మడమ పెట్టిన తీరు తనది, మోచెయ్యి వంచిన తీరు తనది, చివర్లో గుక్కబట్టి ఉఫ్ అనడం కూడా తనదే. నేల పగిలి వేరు మొత్తం బయటికొచ్చింది.

"చూశారా? ఒక్క నరం తెగలా! మా ఎజే నేర్పిన పని ఇది" అని పైకెత్తి చూపించాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు.

"ఆపరా మమత్" అంది ఉల్‌కాన్. "పిల్లలూ, వినండి. ఇతనికి ఇది నేర్పింది నేనే. నేను తప్పు నేర్పాను."

మా దగ్గర టీచరు పిల్లల ముందు తప్పు ఒప్పుకోదు. కూతురి ముందు తండ్రిని ఎవరూ తక్కువ చేయరు. ఆవిడ రెండూ ఒక్క మాటతో చేసేసింది.

మమత్‌కెరిమ్ మొహం ఎర్రబడింది. "తప్పా? ముప్ఫై ఏళ్లుగా మా అమ్మ చలికి చావకుండా ఉందంటే ఈ చేతుల వల్లే. మీ మిద్దె మీద మోపులు ఎవరు తెచ్చారు ఎజే? అవి తప్పు కాదా?"

"అవీ తప్పే. తప్పు నీది కాదు, నాది."

"మీ తప్పయితే నా కూతురి ముందు నా నెత్తినెందుకు రుద్దారు?"

  అతను పలుగు లారీలోకి విసిరేసి, ముందు సీట్లో కూర్చుని అద్దం ఎత్తేసుకున్నాడు. పొద్దువాలేదాకా దిగలేదు.

పిల్లలు కొడవళ్లతో కోశారు. నేలకి ఆనించి కోయండి, చిన్న పుల్ల కూడా వదలొద్దు అని ఉల్‌కాన్ వాళ్ల వెనకే తిరిగింది. అంతా కలిపినా లారీలో సగానికి రాలేదు. తిరుగు ప్రయాణంలో నుర్‌జమాల్ తండ్రి పక్కన కూర్చోకుండా వెనక కొమ్మల మీద ఉల్‌కాన్ పక్కకి ఎక్కింది.

"ఎజే, మా నాన్న చెడ్డపని చేశాడా?"

"లేదమ్మా. నా దగ్గర చదివినవాళ్లలో మీ నాన్న అందరికన్నా బాగా నేర్చుకున్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది."

ఆ చలికాలం ఎలా గడిచిందో చెప్పుకుంటే ఇప్పటికీ వేళ్లు కొంకర్లు పోతాయి. కొమ్మలు కాగితాల్లా భగ్గుమని ఆరిపోయేవి. బడి మొత్తాన్ని ఒకే గదిలో కుదించి, కోట్లు విప్పకుండా రోజుకి మూడు గంటలే పాఠాలు చెప్పారు. కొందరు తల్లులు బుట్టలతో యాక్ పేడ పిడకలు పంపారు, కొందరు తిట్లు పంపారు. "కొమ్మల టీచరమ్మ వస్తోంది, పొయ్యి దాచుకోండర్రా" అని బావి దగ్గర ఆడవాళ్లు వినపడేట్టే అనేవాళ్లు. సత్తార్ జనవరిలో రెండు వారాలు తాళం వేశాడు, మళ్లీ తీశాడు. ఆడపిల్లలందరూ తిరిగొచ్చారు. ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్క తలా లెక్కపెట్టుకుంది.

మమత్‌కెరిమ్ మాత్రం ఆవిడ ఎదురైతే దారి మార్చేవాడు. మార్చిలో నూరుజ్, అంటే కొత్తేడాది పండక్కి, ఏటా పండగ వంటలో మొదటి గిన్నె ఆవిడ ఇంటికే తెచ్చేవాడు, ఈసారి రాలేదు. ఉల్‌కాన్‌కి చలికన్నా అదే ఎక్కువ కోసింది. పైగా ఇంకో భయం పట్టుకుంది. ఆ కోసిన మొదళ్లు చచ్చిపోతే? అప్పుడు పిల్లల్ని ఊరికే వణికించినట్టు, ఒక మనిషిని ఊరికే అవమానించినట్టు. ఈ సంగతి ఎవరితోనూ అనలేక, కంచెలోని రెండు పొదల చుట్టూ తిరుగుతుండేది.

మే నెలాఖరుకి మంచు కరిగింది. వేసవి మేతకి పైకి వెళ్లే కాపరుల లారీ ఒకటి దొరికితే, ఆవిడ అదే పిల్లల్ని కొడవళ్లతో సహా ఎక్కించుకుని కొక్‌జర్ వెళ్లింది. దిగేసరికి అక్కడ ఇంకో లారీ ఆగి ఉంది. కోసిన పొదల మధ్య మమత్‌కెరిమ్ గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఒక్కో మొదలు పక్కనా ఒక్కో రాయి పెట్టాడు, కొన్నిటికి తెల్లది, కొన్నిటికి నల్లది.

సలాం చెప్పలేదు. తలెత్తకుండానే అన్నాడు, "నేనిక్కడికి రావడం ఇది నాలుగోసారి. నలభై మొదళ్లు చూశాను. పదిహేడు చచ్చాయి ఎజే."

"పదిహేడా?" ఆవిడ అక్కడే నేలమీద కూర్చుంది.

"నేలకి ఆనించి కోయించారు కదా, అవే చచ్చినవి. ఎవరో బద్ధకస్తులు నడుం వంచలేక పైపైన కోశారు, జానెడు మొదలు వదిలేశారు. వాటికి ఒక్క నల్లరాయి లేదు, చూడండి. అన్నీ చిగురు పెట్టాయి." అప్పుడు తలెత్తి ఆవిడ వైపు చూశాడు. "మీరు మళ్లీ తప్పు నేర్పారు."

 నుర్‌జమాల్ ఒకసారి తండ్రి మొహం, ఒకసారి టీచరమ్మ మొహం చూసింది. ఉల్‌కాన్ దగ్గర్లో ఉన్న తెల్లరాయి పక్కకి వంగి, గోరంత బూడిదరంగు చిగురుని వేలి కొసతో తాకింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి పావడా దులుపుకుంది.

"అయితే ఎలా కోయాలో చూపించు."

"ఎవరికి, పిల్లలకా?"

"పిల్లలకీ, నాకూ."

 అతను చెయ్యి చాచి కూతురి దగ్గర కొడవలి అడిగాడు. కోయని పొద ఒకటి ఎంచుకుని, మొదట్లో వేళ్లు చాపి నిలువుగా జాన కొలిచి, "దగ్గరికి రండి, ఒక్కసారే చూపిస్తా" అన్నాడు. పిల్లలు గుంపుగా చేరారు, ఉల్‌కాన్ కూడా వాళ్లలో చేరింది. ఆవిడ పొట్టి మనిషి, వెనకుంటే కనపడదని పిల్లలే ఆవిడని ముందు వరసలోకి తోశారు.