పై మంచం పరదా

2023 వేసవి. గుదైబియాలో ఒక పాత బిల్డింగు, మూడో అంతస్తు, బ్యాచిలర్ల గది. బహ్రెయిన్ మొత్తంలో దయ్యాన్ని స్పానర్‌తో వదిలించిన ఏసీ మెకానిక్ ఎవరని అడిగితే నా పేరే చెప్పాలి. ఒక్క మధ్యాహ్నంలో పని ముగించాను.

నన్ను పిలిచినవాడు రాజేశం. జగిత్యాల వైపు మనిషి. నువైద్రాత్ దగ్గర గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతాడు. డ్యూటీ రాత్రి, నిద్ర పగలు.

"కాకా, ఏసీల ఎవరో మూలుగుతున్నరు. జర జల్ది రా" అన్నాడు ఫోన్‌లో.

అది విండో ఏసీ. చల్లగాలిని గదిలోకి తోసే పీపాలాంటి ఫ్యాన్‌ని మేం బ్లోయర్ అంటాం. దాని ఇరుసును పట్టి ఉంచే చిన్న రింగు బుష్. అది అరిగితే బ్లోయర్ తిరుగుతున్నంతసేపూ ఎవరో "ఆ..." అంటున్నట్టే ఉంటుంది. ఈ మాటే చెప్పాను. రాజేశానికి ఎక్కలేదు. కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. నిద్ర చాలక డ్యూటీలో తూగి, ఒక పాలెట్ సామాను కింద పడేశాడట. ఇంకోసారి ఇలా జరిగితే టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపుతానన్నాడట సూపర్‌వైజర్.

"ఇదంత గీ ఫిలిం జేసిన పని" అని ఫోన్ నా చేతికిచ్చాడు.

ఎవరో వాట్సాప్‌లో పంపిన హారర్ షార్ట్ ఫిలిం. పది నిమిషాలు కూడా లేదు. అందులోనూ ఇలాంటి గదే, ఇలాగే రెండంతస్తుల మంచం. కింది మంచం వాడు డ్యూటీ నుంచి రాగానే పై మంచం పరదా వైపు చూసి "తిన్నావా?" అంటాడు. లోపలి నుంచి "ఆ" అని వినిపిస్తుంది. రోజూ అంతే. చివర్లో వాచ్‌మన్ వచ్చి, పైవాడు ఖాళీ చేసి నెలయింది కదా, ఆ పరుపు తీసెయ్యమంటాడు. అక్కడితో అయిపోయింది. పరదా తెరుచుకోదు, ఎవరూ మీదికి దూకరు.

"ఒక్కపారి గూడ ఉలికిపడలే కాకా. ఉలికిపడితే ఆడికే అయిపోతుండె. గిది అయిపోతలేదు."

రాజేశం పడుకునేది కింది మంచం, పైది గంగారాంది. అతను చుట్టీ మీద ఊరికెళ్లి నెలయింది. పరదా వేసే ఉంది.

"తీసి చూడవయ్యా, సరిపోతుంది" అన్నాను.

"మనిషి లేనప్పుడు ఆయన పరదా ముట్టుడేంది? తప్పు గాదా?"

నిజమే. ఈ గదుల్లో మనిషికి సొంతమంటూ ఉండేది ఆ పరదా వెనక ఉన్న మంచమంత చోటే. ఒకరి పరదా ఇంకొకరు తీయరు.

నేను పకపకా నవ్వి, బుష్ మార్చి, అరిగినదాన్ని ఎగరేసి పట్టుకుని "ఖలాస్, నీ దయ్యం నా జేబులో ఉంది" అన్నాను.

రెండు రోజులకే మళ్లీ ఫోన్.

"కాకా, ఆ సప్పుడు మళ్ల పెట్టు."

"పిచ్చా నీకు? పోగొట్టమన్నది నువ్వే కదా!"

"సప్పుడుంటే మిషన్‌దే అని మనసుకు జెప్పుకుంటుంటి. ఇప్పుడు సప్పుడు లేదు. అయినా ఇనవడుతుంది."

దయ్యాన్ని వదిలించానన్న గొప్ప అక్కడితో చెల్లకుండా పోయింది. ఆరోజు పకపకా నవ్విన నవ్వు కూడా ఉత్తదే. ఉమ్మ్ అల్ హస్సామ్‌లో మా షాపు వెనక గదిలో నేనొక్కణ్నే ఉంటాను. తాళం తీయగానే "వచ్చేశాను" అనడం ఏళ్లనాటి అలవాటు. ఎవరితో అని అడక్కండి. ఆ సినిమా చూసిన సాయంత్రం నుంచి ఆ మాట గొంతులోనే ఆగిపోయింది. జవాబు వస్తుందేమోనని మొదట భయపడ్డాను. తర్వాత, ఇన్నేళ్లలో ఒక్కసారీ జవాబు రాలేదని గుర్తొచ్చింది. దాన్ని మించిన భయం లేదు.

కొత్త బుష్‌తో పాత చప్పుడు తెప్పించే విద్య నాకు రాదు. అందుకని గ్యాస్ ప్రెషర్ చూడాలని వంక పెట్టి రోజూ మధ్యాహ్నం వెళ్లేవాణ్ని. రాజేశం పడుకునేవాడు. నేను కుర్చీలో కూర్చుని, కునుకన్నది లేకుండా, ఆ పరదా మీద చూపు నిలిపి కాపలా కాసేవాణ్ని. గంగారాం తిరిగొచ్చేదాకా అదే నా డ్యూటీ. అతను వచ్చిన మర్నాడు రాజేశం పరదా వైపు తిరిగి "తిన్నవా?" అని అడిగితే, లోపలి నుంచి "తిన్న తియ్, పండుకోనియ్!" అని గంగారాం కసిరాడట. ఆ తిట్టు గురించి నాకు ఫోన్ చేసి మరీ సంబరంగా చెప్పాడు. ఆ తర్వాత గోడౌన్‌లో పాలెట్లేవీ కింద పడలేదు.

షార్ట్ ఫిలిం భయం నాలుగు నిమిషాల ముచ్చటేనని కుర్రాళ్లు కొట్టిపారేస్తుంటారు. దభీమని తలుపు తెరుచుకునే రకమైతే అంతే. మనం రోజూ అనే ఒక చిన్న మాటను పట్టుకుపోయిందంటే మాత్రం, మళ్లీ ఆ మాట అనగలిగేదాకా అది వదలదు. మెషీన్ విప్పితే దొరికే జబ్బు కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇదంతా రాసి రాజేశానికి చదివి వినిపించాను. ఓపిగ్గా విన్నాడు.

"కావలి గాసినవా? ఏం అబద్ధాలు కాకా! కుర్సీల కూసున్న గడియకే గుర్రు పెడ్తుంటివి. గా పాత ఏసీ కంటె నీదే పెద్ద సప్పుడు. గది ఇనుకుంటనే నేను పండుకున్న."